ఫిరంగి లాభం ఒకరిది, కట్టుగుడ్డ ఖర్చు మరొకరిది

(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

  

ఏటా ఈ సభలో మనం స్కాలర్‌షిప్పుల గురించి, వితంతువుల పింఛన్ల గురించి, రోగుల మందుల ఖర్చు గురించి మాట్లాడుకుంటాం. ఈసారి ఆయుధ వ్యాపార చరిత్ర గురించి చెప్పమని కార్యవర్గం మమ్మల్ని అడిగింది. చందాల సభలో ఫిరంగుల మాటెందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. మాకూ మొదట అలాగే అనిపించింది. చదవడం మొదలుపెట్టాక ఆ సందేహం తీరిపోయింది. ఆయుధ వ్యాపార చరిత్రలో ఏ పేజీ తిప్పినా ఎక్కడో ఒకచోట చందా కనబడుతూనే ఉంది. ఫిరంగులు కొనడానికి జనం ఇచ్చిన చందా ఉంది. ఆ ఫిరంగులు చేసిన గాయాలకు కట్టు కట్టడానికి జనం ఇచ్చిన చందా ఉంది. ఫిరంగులు అమ్మి కోట్లు గడించినవారు చివరి రోజుల్లో ఇచ్చిన చందా కూడా ఉంది. ఈ మూడింటి గురించే ఈ రోజు మా మాట.

ముందుగా ఈ వ్యాపారం ఎలా పెరిగిందో చూద్దాం.

జర్మనీలో ఎస్సెన్ అనే ఊరు ఉంది. 1811లో ఫ్రీడ్రిష్ క్రుప్ అక్కడ చిన్న ఉక్కు కార్ఖానా పెట్టాడు. అతని కొడుకు ఆల్ఫ్రెడ్ దాన్ని పెద్దది చేశాడు. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనకు ఆల్ఫ్రెడ్ రెండు వస్తువులు తీసుకుపోయాడు. ఒకటి సుమారు రెండు టన్నుల ఉక్కు దిమ్మ, రెండోది నునుపుగా మెరిసే ఉక్కు ఫిరంగి. అప్పటికి సైన్యాలు ఎక్కువగా కంచు ఫిరంగులే వాడుతున్నాయి. ఉక్కు ఫిరంగిని జనం మెచ్చుకున్నారు గానీ కొనేవాడు వెంటనే దొరకలేదు. మొదట ఆర్డరు ఇచ్చినవారిలో ఈజిప్టు పాలకుడు ఒకడు. ఆ తర్వాత ప్రష్యా, రష్యా, ఉస్మానియా సామ్రాజ్యం, ఇంకా ఎన్నో దేశాలు వరుసకట్టాయి.

1866లో ప్రష్యాకూ ఆస్ట్రియాకూ యుద్ధం తప్పదని తేలిపోయింది. క్రుప్ ఖాతాదారుల్లో ఆ రెండు దేశాలూ ఉన్నాయి. ఆస్ట్రియా ఆర్డరు చేసిన ఫిరంగులను ప్రభుత్వ అనుమతి లేకుండా పంపవద్దని ప్రష్యా యుద్ధ మంత్రి రూన్ ఉత్తరం రాయాల్సి వచ్చింది. రాజకీయాలు తనకు పెద్దగా తెలియవని, తన పని తాను చేసుకుపోతానని క్రుప్ జవాబిచ్చాడు. ఈ మాటను గుర్తుపెట్టుకోమని మనవి. ఆయుధ వ్యాపారులందరూ తర్వాత చెప్పింది ఇదే. మా పని సరుకు తయారు చేయడం, ఎవరు ఎవరి మీద పేలుస్తారన్నది మాకు సంబంధం లేదు అని.

ఆల్ఫ్రెడ్ క్రుప్ తన కార్మికులకు ఇళ్లు కట్టించాడు, జబ్బు చేస్తే ఆదుకునే నిధి పెట్టాడు, పింఛను ఏర్పాటు చేశాడు. ఆ కాలానికి ఇవి పెద్ద విషయాలే. 1887లో అతను చనిపోయేనాటికి సుమారు 20 వేల మంది ఆ కంపెనీ కూలి మీద బతుకుతున్నారు. ఎస్సెన్‌లో అతన్ని దాతగానే చూశారు. అతని ఫిరంగులు పేలిన ఊళ్లలో అతని పేరు కూడా ఎవరికీ తెలియదు.

ఇంగ్లండులో న్యూకాజిల్ కథా ఇలాంటిదే. విలియం ఆర్మ్‌స్ట్రాంగ్ నీటి ఒత్తిడితో నడిచే క్రేన్లు చేసిన తెలివైన ఇంజినీరు. క్రిమియా యుద్ధం చూశాక కొత్త రకం ఫిరంగి తయారు చేసి, దాని పేటెంటును ప్రభుత్వానికే ఇచ్చేశాడు. అందుకు నైట్ గౌరవం దక్కింది. కొన్నేళ్లకు ప్రభుత్వ ఆర్డర్లు ఆగిపోయాయి. కార్ఖానా ఖాళీగా ఉండకూడదు కదా! బయటి దేశాలకు అమ్మడం మొదలైంది. అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది వాళ్లకూ, దక్షిణాది వాళ్లకూ ఆ కంపెనీ ఫిరంగులు అమ్మింది. న్యూకాజిల్ ప్రజలకు ఆర్మ్‌స్ట్రాంగ్ పార్కు ఇచ్చాడు, మ్యూజియానికి డబ్బు ఇచ్చాడు, కాలేజీకి అండగా నిలిచాడు. ఆ పార్కులో ఈనాటికీ పిల్లలు ఆడుకుంటున్నారు.

కార్ఖానా ఒకసారి ఇంత పెద్దదయ్యాక దానికి రోజూ పని కావాలి. పని ఉండాలంటే ఆర్డర్లు ఉండాలి, ఆర్డర్లు రావాలంటే పక్క దేశాన్ని చూసి భయపడే దేశాలు ఉండాలి. ఆ భయం సర్దుకున్న ఏడాది కార్ఖానాకు నష్టం వచ్చిన ఏడాది అవుతుంది. ఈ వ్యాపారంలో అసలు చిక్కు ఇదే. ఇందులో దిగినవాళ్లందరూ క్రూరులని మేము చెప్పబోవడం లేదు. క్రుప్, ఆర్మ్‌స్ట్రాంగ్ ఇద్దరూ కష్టపడి పైకొచ్చినవాళ్లే. అయితే మంచివాణ్ణి కూడా పొరుగువాళ్ల పగ మీద బతికేలా చేసే వ్యాపారం ఇది.

ఆ భయాన్ని అమ్మడంలో అందరికంటే పేరు మోసినవాడు బేసిల్ జహరాఫ్. 1849లో ఉస్మానియా సామ్రాజ్యంలోనే, అనటోలియాలోని ముగ్లాలో, గ్రీకు కుటుంబంలో పుట్టాడు. ఇస్తాంబుల్ వీధుల్లో పెరిగాడు. అతని చుట్టూ అల్లిన కథలు చాలా ఉన్నాయి. వాటిని పక్కన పెట్టి, చరిత్రలో నిలిచినవే చెబుతాం. 1877 నుంచి అతను నార్డెన్‌ఫెల్ట్ అనే ఆయుధ కంపెనీకి బాల్కన్ ప్రాంతంలో ఏజెంటు. ఆ కంపెనీ ఆవిరితో నడిచే జలాంతర్గామిని తయారు చేసింది. 1886లో దాన్ని గ్రీసుకు అమ్మారు. గ్రీసు దగ్గర జలాంతర్గామి ఉందని తెలిశాక పక్కనున్న తుర్కీ ఊరుకుంటుందా? రెండు కొంది. ఇంగ్లండులో భాగాలుగా తయారై వచ్చిన వాటిని ఇస్తాంబుల్‌లో బిగించారు. ఒకదానికి అబ్దుల్ హమీద్ అని, రెండోదానికి అబ్దుల్ మజీద్ అని సుల్తానుల పేర్లు పెట్టారు. తుర్కీ దగ్గర రెండు ఉంటే నల్లసముద్రం అవతల రష్యా ఊరుకుంటుందా? దాని కోసం ఇంకొకటి తయారైంది. అది 1888లో డెన్మార్క్ తీరంలో ఇసుక మేటలో చిక్కుకుని రష్యా చేరకుండానే పాడైంది. గ్రీసుకూ తుర్కీకీ చేరినవి యుద్ధంలో దేనికీ పనికిరాలేదు. నీటి కింద నిలకడగా నిలిచేవే కావు. కొన్న గ్రీసు, తుర్కీ నష్టపోయాయి. అమ్మినవాడికి మాత్రం పేరు, కమీషను రెండూ వచ్చాయి. తర్వాత ఆ కంపెనీ మాక్సిమ్ మెషిన్‌గన్ కంపెనీతో కలిసింది. 1897లో ఆ రెంటినీ బ్రిటిష్ కంపెనీ వికర్స్ కొనేసింది. జహరాఫ్ వికర్స్‌లో చాలా ఏళ్లు చక్రం తిప్పాడు.

ఇప్పుడు మనలాంటి వాళ్ల డబ్బు సంగతికి వద్దాం. ఉస్మానియా సామ్రాజ్యం 1854లో, క్రిమియా యుద్ధ కాలంలో, మొదటిసారి విదేశాల్లో అప్పు చేసింది. ఆ తర్వాత అప్పు మీద అప్పు. భవంతులకు కొంత, పాత అప్పుల వడ్డీలకు కొంత, ఫిరంగులకూ యుద్ధనౌకలకూ కొంత. 1875లో వడ్డీ పూర్తిగా కట్టలేమని ప్రకటించింది. 1881లో అప్పులిచ్చినవాళ్ల ప్రతినిధులు ఇస్తాంబుల్‌లోనే ఒక కార్యాలయం పెట్టుకుని ఉప్పు, పొగాకు, పట్టు, చేపల మీద వచ్చే పన్నులు తామే వసూలు చేసుకోవడం మొదలుపెట్టారు. చివరికి ఆ ఫిరంగులకు ఉప్పు కొనుక్కున్న రైతు డబ్బు కట్టాడు. చేప పట్టిన జాలరి కట్టాడు. వడ్డీ ఎంత చేటో మన పెద్దలు చెబుతూనే ఉంటారు. ఒక సామ్రాజ్యానికి అది ఎలా ఉరితాడు అయిందో చూడాలంటే ఈ చరిత్ర చదవాలి.

మొదటి చందా కథ ఇక్కడ వస్తుంది. 1909లో ఇస్తాంబుల్‌లో నౌకాదళ సహాయ సంఘం ఒకటి పుట్టింది. గ్రీసు పెద్ద నౌక కొంది, మనకూ కావాలి అని ఊరూరా చందాలు వసూలు చేసింది. ఉద్యోగులు జీతంలోంచి ఇచ్చారు, చిల్లర కొట్టువాళ్లు ఇచ్చారు, పిల్లలు ఇచ్చారు. రెండు పెద్ద యుద్ధనౌకలు ఇంగ్లండులో తయారయ్యాయి. వికర్స్ కట్టిన రెషాదియె ఒకటి. రెండోది సుల్తాన్ ఉస్మాన్. ఆర్మ్‌స్ట్రాంగ్ కంపెనీ దాన్ని మొదట బ్రెజిల్ కోసం కడుతుంటే, సుమారు 27 లక్షల 50 వేల పౌండ్లకు తుర్కీ తీసుకుంది. 1914 ఆగస్టు మొదటి రోజుల్లో నౌకలను తీసుకుపోవడానికి తుర్కీ నావికులు న్యూకాజిల్‌కు వచ్చి సిద్ధంగా ఉన్నారు. యుద్ధం ముంచుకొచ్చింది. బ్రిటిష్ ప్రభుత్వం ఆ రెండు నౌకలనూ స్వాధీనం చేసుకుని తన నౌకాదళంలో కలిపేసుకుంది. చందా ఇచ్చిన జనానికి నౌకా రాలేదు, డబ్బూ రాలేదు. ఆ కోపం తుర్కీని జర్మనీ వైపు నెట్టిన కారణాల్లో ఒకటయింది. కొనుక్కున్న ఆయుధం కొన్నవాడిదే అవుతుందన్న భరోసా కూడా ఈ వ్యాపారంలో లేదు.

రెండో చందా కథ మన దేశానిది. 1912 అక్టోబరులో బాల్కన్ యుద్ధం మొదలైంది. ఒకవైపు ఉస్మానియా సేనలు, మరోవైపు బల్గేరియా, సెర్బియా, గ్రీసు, మాంటెనెగ్రో. తుర్కీ చేతిలో క్రుప్ ఫిరంగులు. సెర్బియా, బల్గేరియా, గ్రీసు చేతుల్లో ఎక్కువగా ఫ్రాన్స్ కంపెనీ ష్నైడర్ ఫిరంగులు. తుర్కీ ఓడిపోయింది. అప్పుడు యూరప్ పత్రికల్లో ఏ చర్చ నడిచిందో తెలుసా? ఎవరి ఫిరంగి గొప్పదన్న చర్చ. గెలుపు ష్నైడర్‌దని ఫ్రెంచి పత్రికలు, తప్పు ఫిరంగులది కాదు, వాటిని వాడినవాళ్లదని జర్మన్ పత్రికలు. శవాలు ఇంకా పొలాల్లో ఉండగానే ఆ యుద్ధం అంగడి సరుకుకు ప్రకటన అయిపోయింది.

అదే శీతాకాలంలో హిందుస్థాన్ మసీదుల్లో, బజార్లలో గాయపడ్డవారి కోసం చందాలు పోగయ్యాయి. మౌలానా ముహమ్మద్ అలీ తన కామ్రేడ్ పత్రికలో పిలుపునిచ్చారు. డాక్టర్ ముఖ్తార్ అహ్మద్ అన్సారీ నాయకత్వంలో ఒక వైద్య బృందం 1912 డిసెంబరులో బొంబాయి నుంచి ఓడెక్కింది. డాక్టర్ అన్సారీ మన ప్రాంతానికి పరాయివారు కారు. వారి కుటుంబం హైదరాబాదుకు వచ్చి స్థిరపడింది, వారు వైద్యం చదివింది మద్రాసు మెడికల్ కాలేజీలో. అక్కడ బృందం ఆసుపత్రులు నడిపి, గాయాలకు మందు వేసి, 1913 జూలైలో తిరిగొచ్చింది.

సోదరులారా, ఒక్కసారి లెక్క చూడండి. ఫిరంగి అమ్మిన లాభం ఎస్సెన్‌కు పోయింది, ఫ్రాన్స్‌కు పోయింది. వాటాదారులకు డివిడెండ్లు అందాయి. ఆ ఫిరంగి విరిచిన కాలికి కట్టుగుడ్డ కొన్నది మాత్రం ఎవరు? హిందుస్థాన్‌లో ఒక కుట్టుపనివాడు, ఒక గుమాస్తా, ఒక బీడీ కార్మికుడు. లాభం ఒక జేబులోకి వెళ్లింది, ఖర్చు ఇంకో జేబులోంచి వచ్చింది. ఆ రెండో జేబు మనదే, అంటే ధర్మసంస్థలది, పేద దాతలది. వందేళ్ల తర్వాత కూడా ఈ లెక్క మారలేదు. మందుపాతర ఒకటి తయారు చేయడానికి మూడు డాలర్లు చాలు, దాన్ని వెతికి తీయడానికి 300 నుంచి 1000 డాలర్లు అవుతుందని ఐక్యరాజ్యసమితి అంచనా. మూడు డాలర్లు అందుకున్నవాడు ఆ వెయ్యి డాలర్లు కట్టడు. కాలు పోయిన పిల్లవాడికి కృత్రిమ కాలూ అతను కొనివ్వడు. అది విరాళాల మీదే రావాలి.

మొదటి ప్రపంచ యుద్ధం గురించి ఒక్క విషయం చెప్పి ముందుకు పోతాం. యుద్ధానికి ముందే వికర్స్ కంపెనీ, ఫిరంగి గుండుకు అమర్చే ఫ్యూజు తయారీ హక్కును క్రుప్ నుంచి తీసుకుంది. ఒక్కో ఫ్యూజుకు ఒక షిల్లింగు మూడు పెన్నీల చొప్పున రాయల్టీ ఇవ్వాలని ఒప్పందం. తర్వాత ఆ రెండు దేశాలే ఒకదానిమీద ఒకటి గుండ్లు కురిపించుకున్నాయి. యుద్ధం ముగిశాక మా రాయల్టీ మాకు ఇవ్వండని క్రుప్ దావా వేసింది. వాటిలో ఎన్నో గుండ్లు జర్మన్ యువకుల మీదే పడ్డాయి. 1926లో వికర్స్ 40 వేల పౌండ్లు ఇచ్చి రాజీ చేసుకుంది. చట్టం దృష్టిలో ఇందులో తప్పు లేదు, ఒప్పందం ఒప్పందమే. అయినా ఈ లెక్క వింటే మనసు చివుక్కుమంటుంది కదా!

ఆ యుద్ధం తర్వాత లోకం కొంచెం కళ్లు తెరిచింది. ప్రైవేటు కంపెనీలు ఆయుధాలు తయారు చేయడం మీద తీవ్రమైన అభ్యంతరాలు ఉన్నాయని నానాజాతి సమితి ఒడంబడిక ఎనిమిదో అధికరణంలోనే రాసుకున్నారు. 1934 నుంచి 1936 వరకు అమెరికా సెనేట్‌లో జెరాల్డ్ నై అధ్యక్షతన విచారణ జరిగింది. విదేశాల్లో ఆర్డర్ల కోసం కంపెనీలు పంచిన లంచాలు, యుద్ధకాలంలో మూటగట్టిన లాభాలు అందులో బయటపడ్డాయి. అమెరికాను యుద్ధంలోకి దింపింది ఈ కంపెనీలేనన్న వాదన మాత్రం రుజువు కాలేదు. ఇది కూడా చెప్పాలి. యుద్ధాలన్నిటికీ వ్యాపారులే మూలమంటే పాలకుల పాపాన్ని మనం కడిగేసినట్టవుతుంది. వ్యాపారి నిప్పు పెట్టకపోవచ్చు. మండుతున్న ఇంటి ముందు కిరోసిన్ అమ్మడం కూడా చిన్న తప్పు కాదు.

ఇక మూడో చందా. దాతల సభలో ఎక్కువగా ఆలోచించాల్సింది దీని గురించే.

జహరాఫ్ గొప్ప దాత. పారిస్‌లోనూ లండన్‌లోనూ విమాన విద్యకు, ఆక్స్‌ఫర్డ్‌లో ఫ్రెంచి సాహిత్యానికి ప్రొఫెసర్ పదవులు నెలకొల్పడానికి డబ్బు ఇచ్చాడు. ఏథెన్స్‌లోని పాశ్చర్ సంస్థ అతని విరాళంతోనే మొదలైంది. బ్రిటన్ నైట్ గౌరవం ఇచ్చింది, ఫ్రాన్స్ తన అత్యున్నత పురస్కారం ఇచ్చింది. 1919 నుంచి 1922 వరకు అనటోలియాలో గ్రీసు చేసిన యుద్ధానికి కూడా అతను డబ్బు పోశాడు. తాను పుట్టిన నేల మీద, తనతో పాటు పెరిగిన తుర్కీలూ గ్రీకులూ చచ్చిపోతుంటే. 1936లో మాంటెకార్లోలో చనిపోయాడు. ఆ ప్రొఫెసర్ పదవుల వల్ల చదువుకున్నవారికి మేలు జరిగింది, దాన్ని కాదనలేం. కానీ ఆ చదువు ఖర్చు ఎవరు కట్టారని అడిగితే రసీదు మీద జహరాఫ్ పేరు ఉంటుంది. అసలు కట్టినవాళ్ల పేర్లు సమాధుల మీద కూడా లేవు.

ఆల్ఫ్రెడ్ నోబెల్ కథ అందరికీ తెలుసు. డైనమైట్ కనిపెట్టి సంపాదించాడు. 1895 నవంబరు 27న వీలునామా రాసి ఆస్తిలో దాదాపు అంతా బహుమతుల నిధికి వదిలాడు. డైనమైట్ గనులకూ సొరంగాలకూ పనికొచ్చింది, నిజమే. కానీ చివరి ఏళ్లలో అతను ఒక ఫిరంగుల కార్ఖానా కూడా కొన్నాడు. దాని పేరు బోఫోర్స్. అవును, 1986లో మన దేశం 410 ఫిరంగులు కొన్న ఆ బోఫోర్సే. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో స్వీడన్ రేడియో ముడుపుల ఆరోపణ బయటపెట్టాక ఆ పేరు మన పల్లెటూళ్ల రచ్చబండల దాకా పాకింది. నోబెల్ చనిపోయి తొంభై ఏళ్లయినా ఒకే మనిషి డబ్బులోంచి ఒక కొమ్మన శాంతి బహుమతి, ఇంకో కొమ్మన ఫిరంగి కాస్తూనే ఉన్నాయి. దానం చేసినంత మాత్రాన వ్యాపారం ఆగిపోదని దీన్నిబట్టి తెలుస్తోంది.

మన హైదరాబాదు చరిత్రలోనూ ఈ వ్యాపారం ఒకసారి గడప తొక్కింది. 1948లో సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు లాంకాస్ట్రియన్ విమానాల్లో కరాచీ నుంచి హైదరాబాదు సంస్థానానికి రహస్యంగా ఆయుధాలు చేరవేశాడు. సెప్టెంబరు 13న సైనిక చర్య మొదలైతే 17న నిజాం ప్రభుత్వం లొంగిపోయింది. ఆ ఆయుధాలు ఎవరినీ కాపాడలేదు. ఆ కాలంలో, దానికి ముందూ తర్వాతా, ఊళ్లలో ప్రాణాలు పోగొట్టుకున్న సామాన్యుల్లో హిందువులూ ఉన్నారు, ముస్లిములూ ఉన్నారు. కాటన్‌కు లండన్‌లో పడిన శిక్ష 200 పౌండ్ల జరిమానా. మన తాతల తరం పడ్డ కష్టాన్ని, ఆ 200 పౌండ్లను పక్కపక్కన పెట్టి చూడండి. పాత గాయాన్ని కెలకడానికి ఇది చెప్పడం లేదు. ఆవేశం పెరిగిన చోటికి ఆయుధం అమ్మేవాడు తప్పక వస్తాడని, జనం కష్టాల్లో పడ్డాక అతను కనబడడని చెప్పడానికే.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా అనుకోవాలి. దేశానికి రక్షణ అక్కర్లేదని మేము అనడం లేదు. 1970 నుంచి మన కంచన్‌బాగ్‌లో భారత్ డైనమిక్స్ ఉంది, మెదక్ వైపు ఎద్దుమైలారంలో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఉంది. వాటిలో పనిచేసి పిల్లలను చదివించుకున్న కుటుంబాలు ఈ హాల్లోనూ ఉండవచ్చు. దేశ చట్టం కింద, దేశ రక్షణ కోసం ఉద్యోగం చేసుకునే మనిషిని జహరాఫ్ పక్కన నిలబెట్టడం అన్యాయం. ఇంటికి తలుపు బిగించే వడ్రంగి వేరు, రెండిళ్ల మధ్య తగవు పెట్టి ఇద్దరికీ కత్తులు అమ్మేవాడు వేరు. మేము మాట్లాడుతున్నది ఆ రెండోవాడి గురించి.

మన ధర్మశాస్త్రం ఈ తేడాను చాలా ముందే గుర్తించింది. అంతఃకలహాల కాలంలో, అంటే ఫిత్నా రోజుల్లో, ఆయుధాలు అమ్మడం ప్రవక్త (స) సహచరులు ఇమ్రాన్ బిన్ హుసైన్ (ర) గారికి ఇష్టం లేదని సహీహ్ బుఖారీలోని వాణిజ్య ప్రకరణంలో ఉంది. కత్తి అమ్మడం మామూలు రోజుల్లో తప్పు కాదు. అదే కత్తి అన్యాయంగా ఒకడి గొంతు మీదికి పోతుందని తెలిసి అమ్మితే అమ్మినవాడికీ అందులో పాలు ఉందని ఎందరో పండితులు చెప్పారు. సారాయి చేస్తాడని తెలిసి ద్రాక్షపళ్లు అమ్మడం గురించి కూడా వాళ్లు ఇలాగే వాదించారు. రాజకీయాలు నాకు తెలియవన్న క్రుప్ జవాబు ఈ తీర్పు ముందు నిలవదు.

ఇప్పటి పరిస్థితి చూడండి. 2023లో ప్రపంచ దేశాలన్నీ కలిసి సైన్యాల మీద పెట్టిన ఖర్చు 2 లక్షల 44 వేల కోట్ల డాలర్లకు పైగా ఉందని స్టాక్‌హోమ్‌లోని శాంతి పరిశోధనా సంస్థ లెక్క కట్టింది. ఆ ఏడాది వంద పెద్ద కంపెనీల ఆయుధ అమ్మకాలే 63 వేల కోట్ల డాలర్లు దాటాయి. కొనే దేశాల్లో మన దేశం ముందు వరుసలో ఉంది, సౌదీ అరేబియా, ఖతర్ కూడా పెద్ద ఖాతాదారులే. 2013లో ఐక్యరాజ్యసమితి ఆయుధ వ్యాపార ఒప్పందం ఆమోదించింది, 2014 డిసెంబరు 24న అది అమల్లోకి వచ్చింది. మన దేశం ఓటింగులో తటస్థంగా ఉండిపోయింది, ఇంకా చేరలేదు. ఎగుమతి చేసే దేశాల వైపే ఒప్పందం మొగ్గు చూపుతోందన్నది మన ప్రభుత్వం చెప్పిన అభ్యంతరం. ఒప్పందం ఉన్నా యుద్ధాలు ఆగలేదు. అయితే ఎవరికి అమ్మావు, ఎందుకు అమ్మావు అని అడిగే అధికారం మొదటిసారి కాగితం మీదికి వచ్చింది.

ఆ ప్రశ్నను ప్రభుత్వాలకే వదిలేయకుండా మనమూ అడుగుదామన్నది మా మనవి.

మొదట మన పొదుపు సంగతి. ఇప్పుడు మధ్యతరగతి ఇళ్లలోనూ మ్యూచువల్ ఫండ్లు ఉన్నాయి, షేర్లు ఉన్నాయి. ఎక్కడో యుద్ధం మొదలైందని తెల్లవారి వార్త వస్తే, మధ్యాహ్నానికి ఆయుధ కంపెనీ షేరు పెరిగిందని ఫోనులో సందేశం వస్తోంది. వడ్డీ, సారాయి వ్యాపారాలను తప్పించుకోవడానికి మనం ఎన్నో జాగ్రత్తలు తీసుకుంటాం. షరీఅత్ ప్రకారం వడపోసే కొన్ని సూచీలు ఆయుధ కంపెనీలను కూడా పక్కన పెడతాయి. మన డబ్బు ఏ కంపెనీల్లోకి పోతోందో ఏడాదికి ఒకసారి, జకాత్ లెక్క వేసేటప్పుడే, కాగితం తీసి చూసుకుందాం. ఒక దేశంలో పిల్లవాడి కాలు పోతే మన ఖాతాలో రెండు రూపాయలు పెరగడం, ఆ రెండు రూపాయల్లోంచి మనం అతనికి పావలా సదకా పంపడం మన ధర్మానికి తగదు.

రెండోది, సొసైటీకి వచ్చే పెద్ద విరాళాల సంగతి. వంద రూపాయలు ఇచ్చే తోపుడుబండి వ్యాపారిని ఎవరూ ఏమీ అడగనక్కర్లేదు, అతని చెమట అందరికీ కనబడుతూనే ఉంది. లక్షల్లో ఇచ్చేవారిని మాత్రం మర్యాదగా, వ్యాపారం ఏమిటని కార్యవర్గం అడగాలి. అలా అడగడం అవమానించడం కాదు. సగంలో ఆగిన హాస్టలు గోడలు కళ్ల ముందు ఉంటే పెద్ద చెక్కును వద్దనడం ఎంత కష్టమో మాకూ తెలుసు. కానీ ధర్మసమ్మతం కాని సంపాదనను అల్లాహ్ దానంగా స్వీకరించడని మనకు ప్రవక్త (స) బోధ ఉంది. అలాంటి డబ్బు చేతిలో ఉన్నవాడు నష్టపోయినవారికి దాన్ని తిరిగివ్వాలి. అది కుదరకపోతే పుణ్యం ఆశించకుండా వదిలించుకోవాలి. వదిలించుకున్న డబ్బుకు పాలరాతి పలక మీద పేరు చెక్కించకూడదు.

మూడోది గాయపడ్డవారి సంగతి. లాభం తీసుకున్న జేబు ఎప్పుడూ ఖర్చు కట్టదని చూశాం. కాబట్టి కట్టే పని మన మీదే ఉంది, 1912లో ఉన్నట్టే. ఏ మతంవాడు, ఏ జెండా కింద గాయపడ్డాడని చూడకుండా, కృత్రిమ అవయవాలకూ, కాలిన గాయాల చికిత్సకూ మన వైద్య నిధిలో విడిగా ఒక ఖాతా తెరవాలని కార్యవర్గాన్ని కోరుతున్నాం. దేశ చట్టం అనుమతించిన మార్గంలో, నమ్మకమైన సంస్థల ద్వారా అది అందాలి.

బాల్కన్ గాయాలకు చందా ఇచ్చిన ఆ కుట్టుపనివాడి పేరు ఏ పుస్తకంలోనూ లేదు. ఆక్స్‌ఫర్డ్‌లో పలకా లేదు, ఏ రాజూ పతకం ఇవ్వలేదు. అతని దగ్గర ఉన్నది సూది, దారం, రోజంతా వంగి కుట్టిన కూలి. అందులోంచి ఒక అణా తీసి ఇచ్చాడు. ఆ అణా వెనుక ఎవరి ఏడుపూ లేదు. మన సొసైటీ రసీదు పుస్తకంలో ప్రతి రూపాయీ అలాంటి అణా కావాలని మా ఆశ.

మన సంపాదనలో శుభం, మన దానంలో నిజాయితీ, యుద్ధాల్లో నలిగిపోతున్న ప్రతి ఇంటికీ శాంతి ప్రసాదించమని అల్లాహ్‌ను వేడుకుంటూ సెలవు తీసుకుంటున్నాం. ఆమీన్.